పన్నెండు జతలు

ఫిబ్రవరిలో మొదలుపెట్టాం.
రీగా నగర నీటి సంస్థ, మూడో అంతస్తు,
కిటికీ అవతల గడ్డకట్టిన దౌగవ నది.
డైరెక్టరు ఒక్క మాటే అన్నాడు:
"వచ్చే అయిదేళ్ళలో నలభైమంది రిటైరవుతారు, లీవియా.
వాళ్ళతోపాటు ఏం పోతుందో
మన దగ్గర జాబితా కూడా లేదు."

జాబితాలు నా పని.
పెద్దవాళ్ళ పేర్లు నీలం చీటీల మీద,
కొత్తవాళ్ళవి పసుపు చీటీల మీద రాసి
గోడంతా అంటించి
వారం రోజులు పెళ్ళిళ్ళ పేరయ్య అవతారమెత్తాను.
పదిహేను రోజులకోసారి ముప్పావుగంట,
రెండు కాఫీ కూపన్లు,
లక్ష్యాలు రాయడానికో ఫారం.
పన్నెండు జతలు కుదిరాయి.

నిజం చెప్పాలంటే పదకొండే కుదిరాయి.
మిగిలిపోయిన ఇద్దర్నీ ఒకచోట అంటించాను.

విస్వాల్దిస్,
ముప్పైనాలుగేళ్ళుగా రాత్రిపూట వీధులు తిరుగుతూ
నేల కింద గొట్టం ఎక్కడ కారుతోందో వినే మనిషి.
కర్ర ఒక కొస వాల్వు మీద, ఇంకో కొస చెవికి.
నోట్లో నాలుక లేనివాడని పేరు.
దాగ్నియా, ఇరవైమూడేళ్ళు,
లీకుల్ని తెరమీద గీతలుగా చూడ్డం చదువుకున్న పిల్ల.
నలుగురి మాటలు ఒక్కతే మాట్లాడుతుంది.

మార్చిలో ఫారాలు వచ్చాయి.
నాయకత్వం, ఆత్మవిశ్వాసం, సమయపాలన,
ఒకరిది చూసి ఒకరు రాసినట్టు.
విస్వాల్దిస్ ఫారంలో
లక్ష్యం అన్నచోట ఒకే మాట: నీళ్ళు.
కలిసిన సమయం: రాత్రి రెండు.
కూపన్లు వాడకుండా పిన్ను కొట్టి తిప్పి పంపాడు.

ఏప్రిల్‌కి నాలుగు జతలు చెదిరాయి.
ఒకాయన ప్రతిసారీ
తన మోకాలి ఆపరేషన్ గురించే చెప్పాడట.
ఒకమ్మాయి నేర్చుకోవాల్సిందంతా నేర్చుకుని
వేరే కంపెనీలో చేరిపోయింది.
డైరెక్టరు అడిగితే
"వేళ్ళూనుకుంటోంది సార్" అన్నాను.
ఇంకేమనను?

పన్నెండో జతని కూడా కొట్టేద్దామనే
ఆ రాత్రి వెళ్ళాను.
ట్రాములు ఆగిపోయాక
ఊరు ఊపిరి బిగబడుతుందని
అప్పటిదాకా నాకు తెలీదు.
చెక్క ఇళ్ళ వీధి చివర ఇద్దరూ.
కర్రకి చెవి ఆనించి వంగింది దాగ్నియా.
ఆ పిల్ల నోట ఒక్క మాట లేదు!
అతను నేలవైపు చూడట్లేదు,
టార్చి వెలుగులో ఆమె మొహమే చూస్తున్నాడు.
కనుబొమ ఒకటి కొద్దిగా కదిలింది.
"అక్కడే," అన్నాడు.
సుద్దముక్కతో రోడ్డుమీద గీత.
తర్వాత కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చి
ఆమె తెరమీది గీతల్ని
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు,
ఒకటో తరగతి పిల్లాడిలా.

నన్ను చూసి తడబడలేదు.
"కుడిచెవి పోయి మూడేళ్ళు," అన్నాడు,
రేపు మంచు పడుతుందని చెప్పినట్టు.
"ఎడమది నిరుడు మొదలైంది.
ఎవరికీ చెప్పలేదు.
మీ నీలం చీటీ వచ్చినప్పుడు
చెప్పుకోడానికో మనిషి దొరుకుతుందేమో అనుకున్నా."

రాస్తావా, అన్నట్టు చూసింది దాగ్నియా నావైపు.

రాశాను, తర్వాత.
అతన్ని పగటి డ్యూటీకి మార్చి
జీతం ఒక్క సెంటు తగ్గకుండా చూడ్డానికి
రెండు వారాలు పోట్లాడాను.
చెవిటివాడి ముందు శంఖం అన్నారు పైవాళ్ళు, నవ్వుతూ.
ఆ సామెత అక్కడ
ఎవరికి తగులుతుందో వాళ్ళకి తట్టలేదు.

ఆ రాత్రికి మాత్రం
కర్ర నా చేతికిచ్చారు.
చలికి నున్నగా, అతని అరచేయంత అరిగిపోయి ఉంది.
ఎంత చెవి రిక్కించినా
గొట్టం లేదు, నీళ్ళు లేవు,
లోపలెక్కడో ఒకటే దడదడ.
"ఏదో కొట్టుకుంటోంది!" అన్నాను.
"అది మీ గుండె," అంది దాగ్నియా.
"నాకూ నెలంతా అదే వినిపించింది.
టోపీ తీసి
మళ్ళీ పెట్టండి చెవి."